కుంకుమ భరిణె మీద అనుమానం

నిన్న సాయంత్రం మా ఇంటి ముందు తవ్విన గుంట పూడ్చి వెళ్లారు. వీధి నుంచి ఇంట్లోకి కొత్త రాగి పైపు వచ్చింది. కోపం చల్లారేలోపే ఇదంతా రాసేద్దామని కూర్చున్నాను.

మాది చికాగో పక్కన ఒక పాత ఊరు. ఇల్లు 1928లో కట్టింది. చికాగోలోనైతే, 1986లో దేశమంతటా నిషేధం వచ్చేదాకా చిన్న ఇళ్లకు సీసం పైపే వేయాలని నగర నిబంధనే ఉండేదట. ఇల్లు కొనేటప్పుడు చెదలు చూశారు, పైకప్పు చూశారు. నీళ్లు ఏ పైపులోంచి వస్తున్నాయో ఎవరూ చూడలేదు. మేమూ అడగలేదు లెండి.

మావాడికి రెండేళ్లు నిండాక మామూలుగా చేసే రక్తపరీక్షలో సీసం 6 వచ్చింది. డెసిలీటరుకు మైక్రోగ్రాముల లెక్క అది, ఇక్కడ 3.5 దాటితే పట్టించుకుంటారు. వేలు గుచ్చి తీస్తే తప్పు రావచ్చని చేతి నరంలోంచి మళ్లీ తీశారు. మళ్లీ 6.

ఊరి నీళ్ల ఆఫీసు ఉచితంగా ఒక సీసా పంపింది. సీసం కోసం సీసా. ఆరు గంటలు కొళాయి విప్పకుండా ఉంచి, తెల్లవారగానే వచ్చే మొదటి నీళ్లు పట్టాలి. మా అత్తయ్యగారు తెనాలి నుంచి వచ్చి ఉన్నారు. ఆవిడ నాలుగున్నరకే లేచి కాఫీకి నీళ్లు పట్టేయడంతో రెండు రోజులు వృథా. మూడో రాత్రి కొళాయికి తువ్వాలు చుట్టి ముడేశాను. ఫలితం 4 పీపీబీ, అంటే వంద కోట్ల భాగాల నీళ్లలో 4 భాగాల సీసం. మీ నీళ్లు బాగున్నాయని ఉత్తరం వచ్చింది.

నీళ్లు కాకపోతే మరేమిటి? అది తేల్చడానికి కౌంటీ నర్సు ఇంటికి వచ్చింది. వెంట ఒకాయన, చేతిలో తుపాకీలాంటి యంత్రం. కిటికీలకు, తలుపులకు సీసం కలిసిన పాత రంగుందేమోనని పెట్టి చూశాడు, లేదు. అప్పుడు నర్సు కళ్లు దేవుడి గూటి మీద పడ్డాయి. ఇక అరగంట సేపు అక్కడే. ఇదేం పొడి? పిల్లాడు నాకుతాడా? కాటుక పెడతారా? పసుపు ఎక్కడ కొన్నారు? నిజమే, సీసం కలిపిన సింధూరం ఇక్కడ పట్టుబడింది, పసుపులో రంగు కోసం సీసం క్రోమేటు కలిపేవాళ్లూ ఉన్నారు. అడగొద్దనను. కానీ ఆ అడగడం చూడాలి, మేమేదో క్షుద్రపూజలు చేస్తున్నట్టు.

అత్తయ్యగారు సోఫాలో కూర్చుని అందరి మొహాలూ చూస్తున్నారు. "ఏమంటోందే?" అని అడిగారు. "ఏం లేదత్తయ్యా, మామూలుగానే" అన్నాను. ఆవిడకు ఇంగ్లీషు రాకపోవచ్చు, భరిణెను ప్లాస్టిక్ సంచిలో వేసి అంకె రాసుకుంటుంటే అర్థం కాదా? మర్నాటి నుంచి ఆవిడ కుంకుమ మానేసి స్టిక్కర్ పెట్టుకున్నారు. నలభై ఏళ్లలో నేనెరిగే కాదు, ఎవరెరిగినా అదే మొదటిసారి. "నా వల్లేనేమోనే పిల్లాడికి" అని ఒక రాత్రి అన్నారు. ఆ మాటకు నేను ఆ నర్సును ఇప్పటికీ క్షమించలేదు.

నర్సు అడగాల్సింది ఒకటుంది: బిడ్డకు ఏ నీళ్లు పడుతున్నారు? మేం కాచి చల్లార్చిన నీళ్లే పట్టేవాళ్లం. క్రిములు పోతాయి కానీ కాస్తే సీసం పోదు. నీళ్లు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. పైగా త్వరగా మరుగుతాయని వేడినీళ్ల కొళాయి నుంచి పట్టేదాన్ని. వేడినీళ్లకు సీసం ఇంకా తేలిగ్గా కరుగుతుంది. తప్పు నాది, నింద ఆవిడకు.

బేస్‌మెంటులో గోడలోంచి పైపు వచ్చే చోట ఉల్లిగడ్డలాంటి ఉబ్బు ఉంది. మావారు తాళంచెవితో గీశారు. మెత్తగా దిగి వెండిలా మెరిసింది. అయస్కాంతం అంటలేదు. ఇనుమైతే అంటుకోవాలి, రాగి అయితే గీత ఎర్రగా ఉండాలి. అంటే అది సీసం పైపే. నీళ్ల ఆఫీసుకు ఫోన్ చేస్తే "మా రికార్డులో రాగి అని ఉంది, మీరేమన్నా ప్లంబరా?" అన్నాడు. నేను ఫోన్లో వాదించడం మానేసి గీతకు ఫొటో తీసి ఈమెయిల్ పెట్టాను. మీరూ అదే చేయండి, మాటకు సాక్ష్యం ఉండదు.

ఈలోపు డబ్బు కట్టి ప్రైవేటు ల్యాబుకు వరసగా పది లీటర్లు పట్టి పంపాం. మొదటిది 4. ఆరోది 26! మొదటి లీటరులో ఉండేది కొళాయిలో, ఇంటి లోపలి రాగి పైపుల్లో నిలిచిన నీళ్లు. రాత్రంతా సీసం పైపులో నానినవి ఆ తర్వాత వస్తాయి. ఇక్కడ నీటి సంస్థలకు హెచ్చరిక గీత 15. ఒక్క సీసా పంపి ఊరికి ఊరినే నిద్రపుచ్చుతున్నారన్నమాట.

26 కాగితం చూపించాక అందరూ మర్యాదస్తులైపోయారు. వీధి వైపు ముక్క మాత్రం మారుస్తామన్నారు, ఒప్పుకోలేదు. సగం మారిస్తే ఆ కుదుపుకు మిగతా సగంలోంచి కొన్నాళ్లు సీసం ఇంకా ఎక్కువ రాలుతుంది. పోట్లాడి మొత్తం మార్పించాను. మా వీధిలో ఇంకెవరూ ఇంతదూరం రాలేదు, చెప్పుకోవాలి కదా. పని ఒక్క పూట. తర్వాత కొళాయిల జాలీలు విప్పి కడిగి, చాలాసేపు నీళ్లు వదిలేశాం. ఇంకో ఆరు నెలలు ఫిల్టర్ నీళ్లే. ఫిల్టర్ జగ్గు కొనేటప్పుడు ఎన్‌ఎస్‌ఎఫ్ 53 అనే ప్రమాణం పేరూ, సీసం తీస్తుందనీ రెండూ డబ్బా మీద ఉండాలి. క్లోరిన్ రుచి తీసేవి ఇందుకు పనికిరావు.

పైపు మార్చకముందే ఫిల్టర్ పెట్టుకున్నాం, అది పెట్టిన మూడు నెలలకు మావాడి రక్తంలో సీసం 4కు దిగింది. అక్టోబరులో మళ్లీ తీస్తారు.

కుంకుమ రిపోర్టు పోయిన వారం వచ్చింది, సీసం లేదని. అత్తయ్యగారు అప్పటికే తెనాలి వెళ్లిపోయారు. ఫోన్ చేసి చెప్పాను. కాసేపు ఊరుకుని, "భరిణె తిరిగిచ్చారా?" అన్నారు. అది వాళ్ల అమ్మమ్మగారు ఇచ్చిందట. ఇవ్వలేదు. రేపు మళ్లీ ఫోన్ చేయాలి.