డిస్కు మీద మిగిలిన పేరు

అమెరికాలోని వర్జీనియాలో ఉన్న ఆష్‌బర్న్‌లో మా ఇంటి నుంచి ఆఫీసుకు వెళ్లే దారి పొడవునా డేటా సెంటర్లే. కిటికీల్లేని ఆ బూడిదరంగు భవనాలను చూసి, మా నాన్న ఇక్కడికి వచ్చిన కొత్తలో ధాన్యం గోదాములనుకున్నారు. పదేళ్లుగా నా జీతం వాటి లోపల నడిచే యంత్రాల మీదే.

గత చలికాలం మా కంపెనీ క్లౌడ్ బిల్లు, అంటే అద్దెకు తీసుకున్న కంప్యూటర్ల బిల్లు, తగ్గించే పని నాకు అప్పగించారు. ఎవరూ వాడని వాటిని వెతికి తీసేయాలి. వెతకడం కష్టం కాలేదు. అమెజాన్ క్లౌడ్‌లో సర్వరును తొలగించినా, దానికి అదనంగా తగిలించిన డిస్కు మామూలుగా అలాగే మిగిలిపోతుంది. అందులో ఒక్క అక్షరం చదవకపోయినా అద్దె పడుతూనే ఉంటుంది. ఉత్తర వర్జీనియా ధరల్లో జీపీ3 అనే డిస్కు రకానికి జీబీకి నెలకు 8 సెంట్లు, అంటే 500 జీబీ డిస్కుకు 40 డాలర్లు. అలాంటివి మా ఖాతాలో 140 తేలాయి. లోపలి సర్వర్లను ఇంటర్నెట్‌కు కలిపే నాట్ గేట్‌వేలు, ఎటూ ట్రాఫిక్ లేకపోయినా, ఒక్కోటి నెలకు 32 డాలర్లకు పైగా తింటున్నాయి. 2024 ఫిబ్రవరి నుంచి పబ్లిక్ ఐపీవీ4 చిరునామాలన్నిటికీ (ఇంటర్నెట్‌లో యంత్రాలను గుర్తించే నంబర్లు), వాడినా వాడకపోయినా, గంటకు అర సెంటు చొప్పున కట్టాలి.

అన్నీ ఒకేసారి తీసేయమన్నారు పైవాళ్లు. నేను ఒప్పుకోలేదు. డిస్కు ఏ సర్వరుకూ తగిలి లేదన్న సంగతి కంప్యూటర్ చెబుతుంది, ఎందుకు ఉంచారో చెప్పదు. అది తెలిసిన మనిషి కావాలి. డిస్కుకు చీటీలా తగిలించిన యజమాని అనే ట్యాగ్ చూస్తే సగం పేర్లు లేఆఫ్‌లలో వెళ్లిపోయినవాళ్లవే. వాళ్లలో హెచ్-1బీ వర్క్ వీసా మీద ఉన్న మనవాళ్లు ఎందరో. ఉద్యోగం పోయాక ఈ దేశంలో ఉండేందుకు వాళ్లకు గరిష్ఠంగా ఉండేది 60 రోజుల గడువు. ఆ గడువులో కొత్త కంపెనీని వెతుక్కుంటారా, పిల్లల స్కూలు సంగతి చూసుకుంటారా? పాత డిస్కుల గురించి ఎవరికి చెప్పి వెళ్తారు? అసలు చెప్పే అవకాశం ఎవరిచ్చారు?

రెండు డిస్కుల మీద, అలా వెళ్లిపోయిన నా పక్క సీటు కుర్రాడి పేరుంది. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉన్నాడు. ఇక్కడ రాత్రి పదికి, అక్కడ పొద్దున్నే, ఫోన్ చేశాను.

"మొదటిది తీసేయండి అన్నా, పరీక్షల కోసం పెట్టింది. సోమవారం నేనే తీసేద్దామనుకున్నాను. శుక్రవారమే లాప్‌టాప్ లాక్ చేసేశారు. రెండోదాన్ని మాత్రం ముట్టుకోకండి. పాత బిల్లింగ్ వ్యవస్థ డేటా. ఇంకో కాపీ ఎక్కడా లేదు."

మరునాడు సరిచూశాను. అతను చెప్పింది అక్షరాలా నిజం.

ఆ తర్వాత ఏ డిస్కునూ నేరుగా తొలగించలేదు. ముందు స్నాప్‌షాట్, అంటే డిస్కులోని డేటాకు ఒక కాపీ, తీసి, తొలగించే తేదీని ట్యాగ్‌గా పెట్టి, 30 రోజులు ఆగేవాణ్ని. ఈలోగా జాడ దొరికిన ప్రతి పాత యజమానికీ కబురు పెట్టాను. బిల్లు తగ్గడానికి నెలకు బదులు మూడు నెలలు పట్టింది. ఆ రెండు నెలల అదనపు అద్దె దండగ అని నేను అనుకోను.

ఆ రెండో డిస్కును ఉంచేశాం. ఎందుకు ఉంచామో వివరంగా రాసిపెట్టాను. యజమాని అన్న చోట అతని పేరు తీసి నా పేరు పెట్టడానికి మాత్రం చాలాసేపు చేతులు రాలేదు.