పర్మినెంట్ అయ్యాక ఏంటి? బెంగళూరు సభకు వెళ్లొచ్చిన అనుభవం

బెంగళూరు రోడ్లు ఊడ్చేవాళ్లలో చాలామంది తెలుగువాళ్లేనన్న సంగతి మన వైపు ఎక్కువమందికి తెలియదు. అనంతపురం, చిత్తూరు జిల్లాల నుంచి, కోలారు వైపు నుంచి కరువుకు తాళలేక రెండు మూడు తరాల కిందట పోయిన దళిత కుటుంబాలు అవి. ఇంట్లో తెలుగు, మేస్త్రీతో కన్నడం మాట్లాడతారు. వాళ్లని అక్కడ పౌరకార్మికులు అంటారు. 2025 మే 1న వాళ్లలో 12,692 మందికి కర్ణాటక ప్రభుత్వం పర్మినెంట్ ఉద్యోగ పత్రాలు ఇచ్చింది. ఆ వార్త వచ్చిన రోజు అనంతపురంలో మా మున్సిపల్ కార్మికుల యూనియన్ ఆఫీసులో అందరిదీ ఒకటే మాట: "వాళ్లకెట్లొచ్చె? మనకెందుకు రాలే?"

ఆ ప్రశ్న పట్టుకునే ఈ ఫిబ్రవరిలో బెంగళూరు వెళ్లాను. బస్తీల్లో, గార్మెంట్ ఫ్యాక్టరీల్లో, కాలేజీల్లో కింది నుంచి పనిచేసే కార్యకర్తలు రెండు రోజులు ఒకచోట కూర్చుని రాజకీయాలు, సంఘం కట్టే పద్ధతులు మాట్లాడుకునే సభ అది. ఏ పార్టీ జెండా కిందా కాదు. మా ఊళ్లో ఏళ్ల తరబడి రోడ్లు ఊడుస్తున్న అక్క ఒకామె నాతో వచ్చింది. సభల్లో నాలాంటివాళ్లం మాట్లాడటం ఎప్పుడూ ఉండేదే, ఈసారి ఆమె మాట్లాడాలి, ఆమె వినాలి అనుకున్నాం.

తెల్లారేసరికి మెజెస్టిక్ బస్టాండులో దిగాం. సభకు ఇంకా టైముంది. అక్కడి నుంచి శేషాద్రి రోడ్డు మీద కొద్ది దూరం నడిస్తే ఫ్రీడమ్ పార్కు. ముందు అది చూడాలంది అక్క. 2022 జులై మొదట్లో వేలమంది పౌరకార్మికులు పని ఆపేసి నాలుగు రోజులు కూర్చున్న చోటు అది. అక్కడే ప్రభుత్వం దిగొచ్చి పర్మినెంట్ చేస్తామని రాతపూర్వకంగా ఒప్పుకుంది.

ఆ పార్కు ఒకప్పుడు బెంగళూరు సెంట్రల్ జైలు. పాత కాపలా బురుజు ఇప్పటికీ ఉంది. ఎమర్జెన్సీలో వాజ్‌పేయి, అద్వానీ లాంటి నాయకుల్ని ఇక్కడే పెట్టారని అందరూ చెబుతారు. నాకు మాత్రం ఆ గోడలు చూస్తే స్నేహలతా రెడ్డి గుర్తొస్తారు. ఆమె రంగస్థల నటి, సోషలిస్టు, నెల్లూరుకు చెందిన తెలుగు కవి, సినిమా దర్శకుడు పట్టాభిరామరెడ్డి భార్య. 1976 మేలో అరెస్టు చేసి, విచారణ లేకుండా ఎనిమిది నెలలు ఈ జైల్లో ఉంచారు. ఆమెకు తీవ్రమైన ఆస్తమా. సరైన వైద్యం అందలేదు. లోపల ఉన్నన్నాళ్లూ తన బాధ ఒక్కటే చూసుకోలేదు, తోటి ఆడ ఖైదీల తిండి గురించి, వాళ్లని కొట్టడం గురించి అడుగుతూనే ఉన్నారు. ఆరోగ్యం పూర్తిగా పాడయ్యాక 1977 జనవరి 15న పెరోల్ మీద వదిలారు. అయిదు రోజులకే చనిపోయారు. ఎమర్జెన్సీ అంటే ఢిల్లీ పేర్లు గడగడా చెప్పే మనవాళ్లు ఈమె పేరు ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు.

అక్క గోడ వైపు చాలాసేపు చూసి, "బెంగళూరంతా ధర్నాలు ఈడే చేసుకోవాల్నా?" అని అడిగింది. అవును, 2021లో వచ్చిన ఉత్తర్వు ప్రకారం ఊరేగింపైనా ధర్నా అయినా ఈ పార్కులోనే. "మనం కలెక్టరేటు కాడ కూచుంటే పోయేవాళ్లు వచ్చేవాళ్లు సూస్తారు. ఈడ గోడ లోపల కూచుంటే ఎవరికి కనపడతాం పాపా?" అంది. నిరసన అనేది జనం కళ్ల ముందు జరగకపోతే దాని బలం సగం పోయినట్టే. తర్వాత సభలో కన్నడ విద్యార్థులు కూడా ఇదే అన్నారు.

సభ మిషన్ రోడ్డుకు దగ్గర్లో ఒక పాత హాల్లో జరిగింది. పొద్దున సెషన్ నాకు నచ్చలేదు. వక్తలు బాగా చదువుకున్నవాళ్లు, చెప్పిందంతా సరైనదే. కానీ మైకు పట్టుకుని ఒకరి తర్వాత ఒకరు ఇంగ్లిషులో మాట్లాడుతుంటే వెనక వరసల్లో కూర్చున్న ఆడవాళ్లు టిఫిన్ గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. వాళ్ల కోసం జరిగే సభలో వాళ్లు అతిథుల్లా కూర్చోవడం చూసి నాకు చాలా బాధేసింది. ఆ మాట పైకి అన్నది ఒక పౌరకార్మికురాలే. పెద్దావిడ, వాళ్ల నాయనోళ్లది మడకశిర దగ్గర పల్లె. లేచి నిలబడి తెలుగులోనే, "మీరు చెప్పేది మాకు అర్థమైతే మేమూ చెప్తాం గదా" అంది. మధ్యాహ్నం కుర్చీలన్నీ తీసేశారు. చాపలు పరిచి గుండ్రంగా కూర్చోబెట్టారు. లా చదివే ఒక కుర్రాడు కన్నడం, తమిళం, తెలుగు మూడింట్లోనూ మాటలు అటూ ఇటూ అందించాడు. అప్పుడు మొదలైంది అసలు సభ.

మొదట మాట్లాడింది గార్మెంట్ ఫ్యాక్టరీలో టైలరుగా చేసే ఒకామె. సొంతూరు కదిరి వైపు. 2016 ఏప్రిల్ సంగతి చెప్పింది. పీఎఫ్‌లో యజమాని వాటా 58 ఏళ్లు నిండేదాకా తీసుకోకూడదని కేంద్రం రూలు పెట్టింది. గార్మెంట్‌లో పనిచేసే ఆడవాళ్లకు ఆ డబ్బే ఆధారం. పిల్లల ఫీజుకైనా, ఇంట్లో పెళ్లికైనా ఉద్యోగం మానేసి పీఎఫ్ తీసుకుంటారు. "యా యూనియనూ రమ్మని చెప్పలేదు. ఒక ఫ్యాక్టరీ వాళ్లు బయటికొస్తే పక్క ఫ్యాక్టరీ వాళ్లూ వచ్చిరి. హోసూరు రోడ్డంతా మేమే." వేలాది మంది ఆడవాళ్లు రెండు రోజులు రోడ్డు మీదున్నారు. ఏప్రిల్ 19న కేంద్రం ఆ రూలు వెనక్కి తీసుకుంది.

అంత పెద్ద గెలుపు తర్వాత ఏమైందని ఎవరో అడిగారు. "మర్సటి దినం మళ్లా మిషన్ మీద కూచుంటిమి. అదే టార్గెట్టు, అదే సూపర్‌వైజరు తిట్లు." రోడ్డు మీదికొచ్చిన జనంలో ఎంతమంది సంఘంలో చేరారంటే చాలా కొద్దిమందే అంది. రోడ్డు మీద కలిసినవాళ్లని మళ్లీ ఒకచోట కూర్చోబెట్టే మనిషి లేకపోయింది.

అక్కడే ఒక లాయరు చెప్పిన విషయానికి అందరం ఉలిక్కిపడ్డాం. 29 కార్మిక చట్టాల స్థానంలో తెచ్చిన 4 లేబర్ కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం ఏ పరిశ్రమలోనైనా సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఇంతకుముందు ఇలాంటి నోటీసు నిబంధన నీళ్లు, కరెంటు లాంటి ప్రజావసర సేవలకే ఉండేది. ఇప్పుడైతే 2016లో జరిగినట్టు పని ఆపేసి బయటికి రావడం చట్టవిరుద్ధం కింద లెక్క. కాబట్టి కోపం వచ్చిన రోజున కాదు, కోపం రాకముందే సంఘం ఉండాలి అన్నాడాయన. రెండు రోజుల్లో విన్న వాటిలో నేను నోట్‌బుక్కులో గీత గీసుకున్న మాట ఇదే.

కేజీఎఫ్ (కోలారు బంగారు గనుల ఊరు) నుంచి వచ్చిన ఒక అన్న బంగారు గనుల కాలనీల్లో చేత్తో ఎత్తే పాకీదొడ్ల గురించి చెప్పాడు. ఆ పని చేసిన కుటుంబాల్లో తెలుగువాళ్లు ఎక్కువ. బెజవాడ విల్సన్ పుట్టి పెరిగింది అక్కడే. సఫాయీ కర్మచారీ ఆందోళన్‌తో దేశమంతా తిరిగి ఆ పని రద్దు కోసం పోరాడిన ఆయనకు 2016లో మెగసెసే అవార్డు వచ్చింది. అవార్డు గురించి మనకు తెలుసు. దానికి ముందు ఇళ్లలో తమ పని గురించి మాట్లాడటానికే సిగ్గుపడే మనుషుల పక్కన కూర్చుని ఎన్ని సాయంత్రాలు గడిపి ఉంటారో తలచుకుంటే సంఘం పని అంటే ఏమిటో తెలుస్తుంది.

రెండో రోజు తెల్లవారుజామున మడకశిర పెద్దమ్మ మమ్మల్ని జయనగర్‌లో తన మస్టరింగ్ దగ్గరికి రమ్మంది. ఆరున్నరకల్లా అందరూ చేరి అటెండెన్స్ వేయించుకునే చోటు అది. ఆమె చీపురు మొదలుని నేలకేసి రెండుసార్లు తట్టి ఈనెలన్నీ సమం చేసుకుంది. పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టి బిగించి ముడేసింది. ఫిబ్రవరిలో బెంగళూరు చెట్లు గులాబీ రంగు పూలతో నిండిపోతాయి. ఫోటోలు తీసుకోవడానికి జనం వస్తారు. ఆ పూలూ, రాలే ఆకులూ ఆమెకు రెట్టింపు పని. మంచుకు తడిసిన పూలు తారుకు అతుక్కుపోయి ఒక్క ఊడ్పుకు రావు, రెండు మూడుసార్లు గీకాలి. రోడ్డు పొడవునా నింపిన గోతాలు చూపించింది. మంచినీళ్లు ఎక్కడ తాగుతారు, బాత్రూముకి ఎక్కడికి పోతారని అక్క అడిగింది. ఒక ఇంటావిడ గేటు తీసి పోనిస్తుందట. ఆమె ఊళ్లో లేని రోజుల్లో పని అయ్యేదాకా ఉగ్గబట్టుకోవాల్సిందే. పర్మినెంట్ కాగితం వచ్చినా ఈ ఒక్క విషయంలో ఏమీ మారలేదంది.

ఇంతలో చెత్త ఆటో వచ్చింది. వెనక చెత్త మీద నిలబడి, చేతికి గ్లౌజులు లేకుండా తడి చెత్త, పొడి చెత్త వేరు చేస్తున్న కుర్రాడు పెద్దమ్మ చెల్లెలి కొడుకు. ఇద్దరిదీ ఒకే బస్తీ, ఒకే వీధి. ఆమె పర్మినెంట్. అతను కాదు. ఆ 12,692 మందిలో ఇంటింటికీ తిరిగి చెత్త ఎత్తే ఆటోల డ్రైవర్లు, హెల్పర్లు లేరు. "నాకు కాగితం ఇచ్చిన దినం మా ఇంట్లో పాయసం సేసినారు. వాడు ఒక ముద్ద తిని లేచిపోయ" అంది పెద్దమ్మ.

అనంతపురంలో వేసుకున్న ప్రశ్నకు జవాబు కొంత అప్పుడే దొరికింది. వాళ్లకు ఎలా వచ్చిందంటే, ఏళ్ల తరబడి ఇలాంటి మస్టరింగ్ చోట్లలో, పని మొదలయ్యే ముందు టీ తాగే ఆ కాసేపట్లో సంఘం మాట నడిచింది కాబట్టి వచ్చింది. ముందు కాంట్రాక్టరు పోయి జీతం నేరుగా బ్యాంకులో పడేలా సాధించుకున్నారు. 2022లో సమ్మె చేశారు. ఆ తర్వాత కూడా ఫైలు వెంట తిరిగారు. పౌరకార్మికుల బతుకుల మీద సాలప్ప కమిటీ నివేదిక ఇచ్చింది 1970ల్లో. పర్మినెంట్ కాగితం చేతికొచ్చింది 2025లో. మధ్యలో ఎంతమంది చీపురు పట్టుకునే రిటైరై, చేతికి ఏమీ రాకుండా ఇంటికి పోయారో.

సాయంత్రం చివరి సెషన్‌లో గట్టి వాదన జరిగింది. పర్మినెంట్ అయినవాళ్లకే ఇంకా సమస్యలున్నాయి, ముందు వాటిని చక్కబెట్టుకుందాం అన్నారు కొందరు. వాళ్ల మాటలోనూ న్యాయం ఉంది. 2025 సెప్టెంబరులో బెంగళూరు నగరపాలక సంస్థ బీబీఎంపీ పోయి 5 కార్పొరేషన్లు వచ్చాయి, పైన గ్రేటర్ బెంగళూరు అథారిటీ. చెత్త పని చూసేది ఇంకో ప్రభుత్వ కంపెనీ. ఇప్పుడు సమస్య వస్తే ఎవరి గేటు ముందు కూర్చోవాలో తేల్చుకోవడమే కష్టం. అయినా పెద్దమ్మ ఒప్పుకోలేదు. "మేము ఊడ్సి గోతంలో పోస్తే వాడు ఎత్తాల. వాడు రాకుంటే మా పని పనే గాదు. అట్లాంటప్పుడు సంఘం రెండెట్లయితాది?"

అప్పుడు మా అక్క లేచింది. మా దగ్గరి సంగతి చెప్పింది. 2020 నుంచి మేం ఆప్కాస్ కింద, అంటే ప్రైవేటు ఏజెన్సీల బదులు ఆంధ్ర ప్రభుత్వం పెట్టిన ఔట్‌సోర్సింగ్ కార్పొరేషన్ కింద ఉన్నాం. జీతం 15,000, దానికి హెల్త్ అలవెన్స్ 6,000. 2023 డిసెంబరు చివర్లో మొదలుపెట్టి సంక్రాంతికి కొద్ది రోజుల ముందు దాకా రాష్ట్రమంతా సమ్మె చేశాం. ఏజెన్సీల బాధ తగ్గింది గానీ పర్మినెంట్ ఊసే లేదు. పైగా చెత్త ఎత్తే క్లాప్ ఆటోల డ్రైవర్లు ఆప్కాస్‌లో కూడా లేరు, ప్రైవేటు ఏజెన్సీ కింద పనిచేస్తున్నారు. "మీకు కాగితం వచ్చినాక వచ్చిన తగువు మాకు కాగితం రాకముందే ఉండాది" అని చెప్పి కూర్చుంది. హాలంతా చప్పట్లు. జీవితంలో మైకు పట్టుకోవడం ఆమెకు అదే మొదలు.

నా అభిప్రాయం కూడా పెద్దమ్మదే. ఒక పనిచోట కొందరికి హక్కు వచ్చి కొందరికి రాకపోతే, రానివాళ్ల కోసం హక్కు వచ్చినవాళ్లు నిలబడాలి. లేకపోతే రేపు ఏ ప్రభుత్వమైనా ఈ చీలికనే వాడుకుని ఇద్దరి గొంతూ నొక్కుతుంది.

చివరికి తీర్మానంలో డ్రైవర్లు, హెల్పర్ల డిమాండ్ మొదటి వరసలోకి వచ్చింది. మస్టరింగ్ చోట్ల మంచినీళ్లు, బాత్రూములు రెండోది. తర్వాతి సమావేశం హిందూపురంలో పెట్టుకోవాలనుకున్నాం, రెండు రాష్ట్రాల వాళ్లకూ దగ్గర కాబట్టి. ఒక షరతు కూడా పెట్టుకున్నాం: వచ్చే ప్రతి యూనియనూ తనతో పాటు ఇంకా పర్మినెంట్ కానివాళ్లని, ఆటో డ్రైవర్లని వెంటబెట్టుకుని రావాలి, మాట్లాడటం వాళ్లతోనే మొదలవ్వాలి.

ఊరికి రాగానే అక్క ఆ పని మొదలుపెట్టింది. క్లాప్ ఆటోలు డ్యూటీ దిగే టైము చూసుకుని మధ్యాహ్నం పూట వాటర్ ట్యాంకు దగ్గర డ్రైవర్లతో కూర్చుంటోంది. మొదటి రోజు ముగ్గురే వచ్చారు. వాళ్లు అడిగిన మొదటి ప్రశ్న, యూనియన్‌లో చేరితే ఏజెన్సీ వాడు బండి తాళం లాక్కుంటే ఎవరు అడుగుతారని. దానికి జవాబు రాతపూర్వకంగా ఇవ్వడానికి వచ్చే కమిటీ మీటింగులో తీర్మానం పెడుతున్నాం.