మొదటి బాడుగిల్లు ఏ ఊర్లో కొనాలంటే...

బాడుగ వస్తుందని ఇల్లు కొనాలనుకునేవాళ్ళు మా తిరుపతిలో ఈమధ్య చానామందే ఉండారు, ఒకరు బెంగళూరంటారు, ఇంకొకరు హైదరాబాదంటారు, రిటైరైన సార్లు చెన్నై అంటారు, ఎవర్ని అడిగినా ఊరి పేరే చెప్తారు గానీ ఆ ఇంట్లో బాడుగకి ఎవరు దిగుతారో మాత్రం చెప్పరు. నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సింది అదే. ఫలానా పని చేసేవాళ్ళు ఆ చుట్టుపక్కలే ఉండాలి, వేరే దారి లేదు అని చెప్పగలిగితే కొనండి.

మన ఊరే చూడండి. స్విమ్స్, రుయా ఆసుపత్రులు, మెడికల్ కాలేజీ, ఎస్వీ యూనివర్సిటీ, మహిళా యూనివర్సిటీ అన్నీ దగ్గర దగ్గరే. పీజీ డాక్టర్లు, నర్సులు, ల్యాబుల్లో చేసేవాళ్ళకి నైట్ డ్యూటీలుంటాయి, వాళ్ళకి నడిచిపోయే దూరంలో సింగిల్ బెడ్రూం దొరికితే చాలు, లిఫ్టు లేకపోయినా పాతదైనా సర్దుకుంటారు. అదే ఏర్పేడు వైపు పోతే "ఐఐటీ పక్కనే సార్" అని బ్రోచర్ చేతిలో పెడతారు. ఐఐటీ పిల్లకాయలూ, అక్కడే ఉండే సైన్స్ కాలేజీ ఐసర్ పిల్లకాయలూ క్యాంపస్ హాస్టల్లోనే ఉంటారు కదా, మీ ఇంటికి ఎవరొస్తారు మరి? ప్లాటు రేటు పెరిగితే పెరగొచ్చు, అది వేరే ఆట, బాడుగ లెక్కలో కలపొద్దు.

యాత్రికులకి రోజువారీ ఇస్తే డబుల్ వస్తుందంటా ఉంటారు. రావచ్చు, కానీ అది లాడ్జి నడపడం. తెల్లారుజామున 2 గంటలకి ఎవరో తాళం అడుగుతారు, దుప్పట్లు ఉతికించాలి, అపార్ట్‌మెంట్‌లో అయితే అసోసియేషన్ వాళ్ళతో రోజూ పంచాయితీ. ఇంట్లో ఖాళీగా ఉండే మనిషి ఒకరుంటే తప్ప దాని జోలికి పోవద్దు.

ఇంక లెక్క. 60 లక్షల ఫ్లాటుకి నెలకి 18 వేలు బాడుగ అనుకుందాం, ఏడాదికి 2 లక్షల 16 వేలు, అంటే 3.6 శాతం. అందులో ఒక నెల ఖాళీ, బ్రోకర్‌కి ఒక నెల బాడుగ, ఇంటిపన్ను, మనిషి మారినప్పుడల్లా పెయింటు, ట్యాపులు, గీజరు... ఇవన్నీ పోతే 3 శాతం కూడా మిగలదు. 48 లక్షలు లోన్ తీసుకుంటే 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్ళకి ఈఎంఐ 41 వేలు దాటుతుంది, "బాడుగే ఈఎంఐ కట్టేస్తుంది" అనే మాట ఇంక ఎక్కడిది? పైగా కొత్త ట్యాక్స్ విధానంలో ఉన్నోళ్ళకి వడ్డీ బాడుగని మించిపోతే ఆ నష్టాన్ని జీతంలోంచి తగ్గించి చూపించుకోవడానికి కుదరదు, పాత విధానంలోనే 2 లక్షల దాకా కుదురుతుంది. అమ్మేవాళ్ళు ఇప్పటికీ ఆ పాత లెక్కే చెప్తారు, జాగ్రత్త.

కాగితాల విషయానికొస్తే ఒక్కో ఊరికి ఒక్కో జబ్బు. మన దగ్గర మఠం భూములు, దేవస్థానం భూములు, డీకేటీ పట్టాలు (ప్రభుత్వం పేదలకి పంచిన భూములు). ఈసీ, అదే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్, శుభ్రంగా ఉందని సంతోషపడొద్దు, ఈసీలో రిజిస్టర్ అయిన లావాదేవీలే కనిపిస్తాయి, సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో, ఉందో లేదో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో విడిగా చూసుకోవాల్సిందే. ఇట్లాంటి భూముల్లో కట్టిన ఇళ్ళు రిజిస్ట్రేషన్ లేకుండా నోటరీ కాగితం మీద సగం ధరకే వస్తాయి, బాడుగకి దిగేవాళ్ళు మన కాగితాలు చూడరు కాబట్టి బాడుగ కూడా మామూలుగానే వస్తుంది, అంటే పెట్టిన డబ్బుకి రాబడి డబుల్ కనిపిస్తుంది, అక్కడే కొత్తోళ్ళు పడిపోతారు. బ్యాంకు లోన్ ఇవ్వదు, తిరిగి అమ్మాలంటే మీ మాదిరి ఇంకొకరు దొరకాలి.

బెంగళూరులో బీ ఖాతా ఇళ్ళదీ (సరైన అనుమతులు లేకుండా కార్పొరేషన్ పన్ను రికార్డులోకి ఎక్కినవి) దాదాపు ఇదే కథ. అక్కడ ఖాతాతో పాటు నీళ్ళు కూడా అడగాలి, కావేరి కనెక్షనా, బోరా, ట్యాంకరా అని. 2024 ఎండాకాలం బోర్లెండిపోయినప్పుడు చూశాం కదా. చెన్నైలో పాత ఫ్లాటు కొంటే స్టాంపు డ్యూటీ 7, రిజిస్ట్రేషన్ 2, మొత్తం 9 శాతం, మన దగ్గర 7.5. అంటే బాడుగ లెక్క మొదలు కాకముందే తేడా వచ్చేసింది. అక్కడ భూమిలో మీ వాటా ఎంతో చూడండి, వానాకాలంలో ఆ వీధి ఒకసారి తిరిగి రండి, వేళచ్చేరి వైపైతే మరీ ముఖ్యం. హైదరాబాద్‌లో చెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్ళు వచ్చే హద్దు), దాని చుట్టూ కట్టకూడని బఫర్ జోన్ మ్యాపు చూడకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు, 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక ఇది అందరికీ తెలిసిన సంగతే. కొలతలు కూడా ఊరు మారితే మారతాయి, చెన్నైలో గ్రౌండు అంటే 2400 చదరపు అడుగులు, హైదరాబాద్‌లో గజాలు, మన అంకణం 36 అయితే నెల్లూరోళ్ళది 72. అడుగుల్లోకి మార్చుకున్నాకే రేటు పోల్చుకోండి.

నా లెక్కలో మొదటి ఇల్లు పొద్దున పోయి రాత్రికి తిరిగొచ్చే దూరం దాటకూడదు. మనకి చెన్నై, బెంగళూరు అందులోకే వస్తాయి, హైదరాబాద్ రాదు. ఏటా బాడుగకున్నోళ్ళు మారతారు, మోటారు కాలిపోతుంది, పైనింటి బాత్రూం నీళ్ళు కిందకి కారతాయి, ఇవన్నీ ఫోన్లో తేలేవి కావు. బంధువులు చూసుకుంటారులే అనుకుంటే ఒక ఏడాది చూసుకుంటారు, రెండో ఏడాది మీరు ఫోన్ చేయడానికే మొహమాటపడతారు.

బాడుగ అగ్రిమెంటు తప్పకుండా రాయించుకోండి. ఇంకోటి, ఈ ఊర్లో అమ్మేవాళ్ళలో అమెరికాలో ఉండేవాళ్ళు కూడా ఉంటారు. ఇక్కడే ఉండే ఆయన దగ్గర 50 లక్షలు, ఆపైన కొంటే ఇచ్చే డబ్బులో 1 శాతం టీడీఎస్, అంటే అమ్మేవాళ్ళ పేరు మీద పన్ను, పట్టుకుని కడితే సరిపోతుంది, అదే ఎన్నారై దగ్గర కొంటే 50 లక్షల లోపైనా పట్టాల్సిందే, శాతం కూడా చానా ఎక్కువ, పట్టకపోతే నోటీసు కొన్నోళ్ళకే వస్తుంది. అడ్వాన్సు ఇచ్చే ముందే ఆడిటర్‌ని అడగండి.