బ్లీచ్ జుట్టు పెరిగి పోయేదాకా రంగు వేయాలా, వద్దా

పాపిడి దగ్గర జానెడు నల్లజుట్టు, అక్కణ్ణుంచి కిందికంతా ఇత్తడి రంగు. ఈ దశకు వచ్చినవాళ్లు పార్లర్‌ కుర్చీలో కూర్చోగానే అడిగేది ఒకటే: "ఏ షేడ్ వేస్తే కలిసిపోతుంది?" షేడ్ సంగతి తర్వాత. ముందు తేల్చుకోవాల్సినవి రెండున్నాయి. ఆ జుట్టు ఇంకో మందును తట్టుకుంటుందా? వచ్చే రెండేళ్లలో మళ్లీ లేత రంగు మీద మనసు పోయే అవకాశం ఉందా? మొదటిదానికి "తట్టుకోదు" అన్నా, రెండోదానికి "ఉంది" అన్నా నల్లరంగు జోలికి పోకూడదు.

తట్టుకుంటుందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు. చెవి వెనక, అడుగు పొరలోంచి బ్లీచ్ అయిన నాలుగైదు వెంట్రుకలు తీసి నీళ్లలో తడపండి. రెండు చేతుల వేళ్లతో పట్టుకుని మెల్లగా లాగండి. బాగున్న తడి వెంట్రుక తన పొడవులో దాదాపు మూడో వంతు సాగుతుంది, వదలగానే వెనక్కి వస్తుంది. సాగింది సాగినట్టే ఉండిపోయినా, లాగీ లాగకముందే టప్పున తెగినా ఆ భాగానికి కత్తెరే మందు. దాని మీద ఎంత మంచి రంగు వేసినా రెండు వారాల్లో కారిపోతుంది, దువ్వెనలో ముక్కలు మిగులుతాయి.

బ్లీచ్ పొడిలోని పెర్‌సల్ఫేట్లు, అందులో కలిపే డెవలపర్ అనే ద్రవంలోని హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిసి జుట్టుకు రంగునిచ్చే మెలనిన్‌ను విరగ్గొడతాయి. అదే ఊపులో వెంట్రుకలోని ప్రొటీన్ కెరటిన్‌ను పట్టి ఉంచే సల్ఫర్ బంధాలనూ కొంత తెంచేస్తాయి. వెంట్రుక పైన పుట్టుకతో ఉండే పల్చని కొవ్వు పొర కూడా పోతుంది. అందుకే ఆ జుట్టు నీళ్లను ఇట్టే పీల్చుకుంటుంది, మన వానాకాలపు చెమ్మకి ఉబ్బి లేస్తుంది, రంగును గబుక్కున పట్టి అంతే గబుక్కున వదిలేస్తుంది. ఈ చివరి గుణాన్ని గుర్తుపెట్టుకుంటే కింద చెప్పేదంతా సులువుగా అర్థమవుతుంది.

రంగు వేయకుండా ఆగితే ఎన్నాళ్లు పడుతుందో లెక్క వేసుకోండి. తలజుట్టు నెలకు 1 నుంచి 1.25 సెంటీమీటర్లు పెరుగుతుంది. బ్లీచ్ భాగం 36 సెం.మీ. ఉందనుకుందాం. మూడు నెలలకోసారి 3 సెం.మీ. కత్తిరిస్తే అది పూర్తిగా పోవడానికి మూడేళ్లు. మొత్తం పొడవు మాత్రం తగ్గదు, కాస్త పెరుగుతుంది కూడా. అదే 5 సెం.మీ. చొప్పున తీస్తే 22 నెలల్లో అయిపోతుంది, ఏడాదికి 5 నుంచి 8 సెం.మీ. పొడవు తగ్గుతుంది. మూడేళ్లు రెండు రంగుల జుట్టుతో తిరగలేం అనుకునేవాళ్లకు రెండో లెక్క మంచిది. ద్వారకా తిరుమలలో మొక్కు బాకీ ఉన్నవాళ్లకైతే ఈ పోస్టుతో పనే లేదు. తలనీలాలు ఇచ్చేస్తే ఏడాది తిరిగేసరికి 12 నుంచి 15 సెం.మీ. కొత్త జుట్టు చేతికొస్తుంది.

మన వైపు చాలామంది రంగు వేసేది జుట్టు కోసం కాదు, ముహూర్తం కోసం. "ఈ ఎర్రజుట్టుతో పీటల మీద కూర్చుంటావా" అని ఇంట్లో మొదలవుతుంది. పెళ్లికూతురికి అసలు ఆ బెంగే అక్కర్లేదు. సవరం పెట్టి అల్లి, పూలజడ కట్టి, జడకుచ్చులు వేలాడదీశాక కనబడేది నుదుటి నుంచి మెడ దాకా ఉన్న జుట్టే. అది ఎలాగూ కొత్తగా వచ్చిన నల్లజుట్టు. సవరం కొనేటప్పుడు చివర్ల రంగుతో కాకుండా కుదుళ్ల రంగుతో పోల్చి, ఎండలో చూసి కొనండి, చాలు. రిసెప్షన్‌కి జుట్టు విరబోసుకోవాలని ఉంటే తప్ప పెళ్లి పేరుతో రంగు వేయించడం దండగ అని నా అభిప్రాయం.

వేయాలనే నిర్ణయించుకుంటే వేయకూడనివేవో ముందు చూద్దాం. కిరాణా కొట్లో దొరికే నల్ల పొడి ప్యాకెట్లు మొదటివి. పేరులో హెన్నా ఉన్నా చాలావాటిలో నలుపు తెచ్చేది పీపీడీ అనే రసాయనమే. తల దురద నుంచి మొహం వాచిపోయేదాకా ఎలర్జీ తెచ్చే గుణం దానికి ఉంది. పీపీడీ ఉన్న ఏ రంగైనా చెవి వెనక చుక్క పెట్టి 48 గంటలు చూడకుండా తలకు రాయకూడదు. పోయినసారి ఏమీ కాలేదు కదా అన్నది ఇక్కడ చెల్లదు. రెండోది, పెట్టెలో వచ్చే 1 నంబర్ నలుపు (నంబర్ తగ్గేకొద్దీ రంగు ముదురు). బ్లీచ్ జుట్టు మీద అది సిరా రంగులో కూర్చుంటుంది, కుదుళ్ల సహజమైన నలుపు దాని పక్కన గోధుమ రంగులా కనబడుతుంది. పైగా రంగు మీద రంగు వేస్తే లేతబడదు. ఆ నలుపు తీయాలంటే మళ్లీ బ్లీచే గతి, అంటే ఏ గోతిలోంచి బయటపడాలనుకున్నామో అందులోకే.

మూడోది గోరింటాకు, నీలి ఆకు పొడి. మామూలు నల్లజుట్టు మీద గోరింటాకు కాస్త ఎరుపు మెరుపు ఇస్తుంది కానీ బ్లీచ్ జుట్టు మీద పచ్చి నారింజ రంగు తేలుతుంది. సరే, నీలి వేద్దాం అని ఒక్క నీలే రాస్తే ఆకుపచ్చ వస్తుంది. ముందు గోరింటాకు పట్టించి, కడిగి, ఆ తర్వాత నీలి వేస్తే ముదురు గోధుమ నుంచి నలుపు దాకా వస్తుంది. అది నిజంగా పనిచేసే పద్ధతే. కాకపోతే నీలి పట్టిన జుట్టును తర్వాతెప్పుడైనా బ్లీచ్ చేస్తే మొండి ఆకుపచ్చ మిగులుతుంది. ఇదివరకు ఏదో పొడి వాడారు, అందులో లోహపు లవణాలున్నాయేమోనని అనుమానం ఉంటే ఒక పరీక్ష ఉంది. గాజు గిన్నెలో 20 మి.లీ. 20 వాల్యూమ్ (డబ్బా మీద రాసే బలం) డెవలపర్, 20 చుక్కల అమ్మోనియా ద్రావణం వేసి, కత్తిరించిన చిన్న పాయను అరగంట ముంచి ఉంచండి. గిన్నె వేడెక్కినా, నురగ లేచినా, ఘాటు వాసన వచ్చినా ఆ తల మీద పెరాక్సైడ్ పెట్టకూడదు.

ఇక వేయదగింది డెమీ పర్మనెంట్. అమ్మోనియా లేకుండా, 5 నుంచి 10 వాల్యూమ్ డెవలపర్‌తో కలిపేది. 10 వాల్యూమ్ అంటే 3 శాతం పెరాక్సైడ్. సహజమైన రంగును పెద్దగా కదిలించదు, ఉతుకులతో పాటు మెల్లగా తగ్గుతుంది, గీత గీసినట్టు తేడా చూపించదు. మన కుదుళ్లు సాధారణంగా 2 లేదా 3 నంబర్. కావలసింది 4 అయితే డబ్బా మీద 5 ఎంచుకోండి, ఎందుకంటే పొరలు తెరుచుకున్న జుట్టు ఏ షేడ్‌నైనా ఓ మెట్టు ముదురుగా చూపిస్తుంది. కుదుళ్ల కంటే చివర్లు ఒక మెట్టు లేతగా ఉంటే కన్ను పట్టదు, ఎండకు అలా అయిందనుకుంటారు. నంబర్‌లో చుక్క తర్వాత 1 ఉంటే చాలా కంపెనీల్లో అది బూడిద ఛాయ. దాన్ని వదిలేయండి.

అసలు మెలిక ఇక్కడుంది. పసుపు దాకా లేతబడిన జుట్టులో ఎరుపు, నారింజ ఛాయలు మిగలవు. దాని మీద నేరుగా గోధుమరంగు వేస్తే పాచిపట్టినట్టు ఆకుపచ్చగా, మట్టిగా తేలుతుంది. వారం తిరక్కుండా దిగిపోతుంది కూడా. మూడు మెట్లు, అంతకంటే ఎక్కువ ముదురు చేయాలంటే పోయిన వెచ్చటి ఛాయను ముందు తిరిగి పెట్టాలి. పార్లర్లలో దీన్నే ఫిల్లర్ అంటారు. తొందరలో ఈ మెట్టు ఎగ్గొట్టేవాళ్లే ఎక్కువ, కాబట్టి "ఫిల్లర్ వేస్తారా?" అని కూర్చోకముందే అడగండి. అదేంటని ఎదురు ప్రశ్న వస్తే లేచి వచ్చేయడమే మేలు.

పని జరిగే తీరు ఇది. ముందు రోజు షాంపూతో తల అంటుకుని, కండీషనర్ గానీ నూనె గానీ పెట్టకుండా ఆరనివ్వాలి. భుజాల దాకా జుట్టుకు 60 గ్రాముల ట్యూబు ఒకటి సరిపోతుంది, నడుం దాకా అయితే రెండు, మూడు. డెవలపర్ ఎంతన్నది డబ్బా మీద ఉంటుంది. డెమీకి సాధారణంగా ఒకటికి ఒకటిన్నర, లేదా ఒకటికి రెండు. అంటే 60 గ్రాములకు 90 లేదా 120 మి.లీ. కళ్లంచనా వద్దు, వంటింటి తూకం మీద గిన్నె పెట్టి కలపండి. మొదట ఒక్క పాయ మీద చేసి, ఆరబెట్టి, వాకిట్లో వెలుగులో చూడాలి. ట్యూబ్‌లైటు కింద ఆకుపచ్చ దాక్కుంటుంది.

పాయ బాగుంటే తలను నాలుగు భాగాలు చేసి క్లిప్పులు పెట్టండి. కొత్త నల్లజుట్టు అంచుకు కండీషనర్ పూస్తే అక్కడికి రంగు పాకదు. బ్లీచ్ భాగం మీద మాత్రమే 6.4 లాంటి రాగి షేడ్‌ను డెమీగానే పల్చగా పట్టించి 20 నిమిషాలు ఉంచి, గోరువెచ్చని నీళ్లతో కడిగి, తువ్వాలుతో అద్దండి. ఈ దశలో అద్దం చూసి గుండె గుభేలుమంటుంది. ఆ నారింజ రంగే పునాది, కంగారు పడి కడగడానికి పరుగెత్తకండి. దాని మీద 5 నంబర్ షేడ్ నడిమి పొడవు నుంచి మొదలుపెట్టి, చివర్లకు అన్నిటికంటే ఆఖర్న రాయాలి. చివర్లే ఎక్కువ దెబ్బతిన్నవి, అవే ముందు నల్లబడిపోతాయి. 20 నిమిషాలని రాసి ఉన్నా ప్రతి 5 నిమిషాలకీ ఓ వెంట్రుక పాయను తుడిచి చూడండి. 10 నిమిషాలకే సరిపోయిందనిపిస్తే కడిగేయడమే. అన్నీ అయ్యాక ఆకుపచ్చ తేలితే దాని మీద నలుపు కుమ్మరించకండి. కండీషనర్‌లో కొంచెం రాగి లేదా ఎరుపు సెమీ పర్మనెంట్ (డెవలపర్ అక్కర్లేని రంగు) కలిపి 5 నిమిషాలు ఉంచితే విరుగుతుంది.

అంతా బాగా చేసి కూడా రంగు నిలవలేదంటే నీళ్లను చూడాలి. బ్లీచ్ జుట్టు కాల్షియం, మెగ్నీషియం, ఇనుము, రాగి అన్నిటినీ లాక్కుంటుంది. ఇనుము జుట్టును ఎర్రమట్టి రంగులోకి తిప్పుతుంది, రాగి ఆకుపచ్చలోకి. లోహం పేరుకున్న జుట్టు మీద పెరాక్సైడ్ పడితే అదుపు తప్పి పనిచేసి ఇంకాస్త పాడుచేస్తుంది. నరసాపురం, మొగల్తూరు, సఖినేటిపల్లి వైపు సముద్రానికి దగ్గరగా బోర్లు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి. మీ బోరులో ఇనుము ఉందో లేదో చూడాలంటే తెల్ల బకెట్ నింపి రాత్రంతా ఉంచండి. తెల్లారేసరికి అడుగున ఎర్ర చార కడితే ఉన్నట్టే. వరద రోజుల్లో గోదారి ఎర్రనీళ్లు చూసి భయపడేవాళ్లున్నారు. ఆ ఎరుపు ఒండ్రుమట్టి, పటిక వేస్తే అడుక్కి దిగుతుంది. జుట్టును పాడుచేసేది కంటికి తేటగా కనబడే బోరు నీరే.

కాచి చల్లార్చితే కాఠిన్యం కొంత తగ్గుతుంది, ఉప్పు పోదు. తేలికైన దారి, ఆఖర్న ఓ రెండు లీటర్ల ఆర్‌వో క్యాన్ నీళ్లు పోసుకోవడం. వానాకాలంలో చూరు నీళ్లు వద్దు, ఆరుబయట పెట్టిన పాత్రలో పట్టిన వాన నీళ్లు బంగారం. రంగుకు రెండు, మూడు రోజుల ముందు ఈడీటీఏ (లోహాలను పట్టి లాగే పదార్థం) ఎక్కువగా ఉండే హార్డ్ వాటర్ షాంపూ ఒకసారి వాడి, 5 నిమిషాలు ఉంచి కడగాలి. ధవళేశ్వరం బ్యారేజీ నుంచి వచ్చే కాలువలను వేసవిలో కట్టేసినప్పుడు, కుళాయి సన్నబడి బోరుకు మారే ఇళ్లు ఎక్కువ. మీదీ అదే పరిస్థితైతే ఏప్రిల్, మే నెలల్లో రంగు వేయకండి. కాలువలు వదిలాక, జూన్ చివర్లోనో ఆ తర్వాతో పెట్టుకోండి.

నూనె విషయంలో మనవాళ్ల అలవాటు మంచిదే, సమయమే చూసుకోవాలి. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి దిగి, ఉతికేటప్పుడు ప్రొటీన్ కొట్టుకుపోకుండా కాపాడుతుంది. తలంటుకు గంట ముందు బ్లీచ్ భాగానికి రాస్తే చాలు. రంగు వేసిన మొదటి వారం మాత్రం వద్దు. ఆ వారం కుంకుడుకాయ కూడా వద్దు. నూనెజిడ్డును ఎంత గట్టిగా వదలగొడుతుందో అందరికీ తెలుసు, అప్పటికే ఎండిన జుట్టును ఇంకా ఎండబెడుతుంది. మొదటి తలంటు మూడో రోజున. అప్పటిదాకా చెమటకు మెడ దగ్గర రంగు దిగొచ్చు, తెల్ల చుడీదార్లు పక్కన పెట్టండి.

మొత్తం రంగు వేయడానికి మనసొప్పనివాళ్లకు నడిమి దారి ఒకటుంది. కుదుళ్ల రంగుకు దగ్గరి షేడ్‌తో, గీత కనబడే చోట సన్నపాయలు మాత్రమే కిందికి లాగుతూ ముదురు చేయించుకోవడం. బ్లీచ్ భాగంలో మూడో వంతు మీదే మందు పడుతుంది, గీత చెదిరిపోతుంది, తర్వాత రంగు దిగినా తెలియదు. మిగతా ఇత్తడి ఛాయ నారింజగా ఉంటే నీలం షాంపూ, పసుపుగా ఉంటే వంకాయ రంగు షాంపూ వారానికి ఒకసారి, 3 నుంచి 5 నిమిషాలు. జడ బిగించి అల్లుకోకుండా, మెత్తటి క్లిప్పుతో వదులుగా పెట్టుకుంటే తెగడం కూడా తగ్గుతుంది. మళ్లీ లేత రంగు కావాలేమో అని ఊగిసలాడేవాళ్లకు నేను చెప్పేది ఈ దారే.

పూర్తి డెమీ వేయించినవాళ్లు ఆరు వారాలకోసారి అదే షేడ్‌ను 10 నిమిషాలు పట్టించాల్సి ఉంటుంది, ఈసారి ఫిల్లర్ లేకుండా, కుదుళ్లను ముట్టకుండా. దానికి ముందు ప్రతిసారీ సాగదీసే పరీక్ష చేయండి. తెగితే ఆ నెల రంగు మానేసి 5 సెం.మీ. కత్తిరించండి. వాడిన నంబర్, గ్రాములు, డెవలపర్ బలం, నిమిషాలు ఫోన్‌లో రాసుకోండి. పార్లర్ మారినప్పుడు అమలాపురంలో వేసింది భీమవరంలో అడిగితే ఎవరూ చెప్పలేరు.