మహేంద్రగిరి నడకకు లెక్క సూర్యాస్తమయం నుంచి మొదలు

పర్లాకిమిడిలో ఉండేవారికి మహేంద్రగిరి కొత్త కాదు. శివరాత్రి జాతరకు జీపులో వెళ్లి కొండమీది గుడులు చూసి వచ్చినవారు ప్రతి వీధిలోనూ ఉంటారు. అందువల్లనే, వచ్చే డిసెంబరులో జీపు దారిని వదిలి, పాదం నుంచి శిఖరం వరకు నడిచి అదే రోజు దిగిరావాలని నేనూ మా బావా నిశ్చయించుకున్నప్పుడు ఇంట్లో ఎవరూ దానిని పెద్ద విషయంగా పట్టించుకోలేదు. అది పెద్ద విషయమేనని నా అభిప్రాయం.

ఒడిశాలో అన్నిటికంటే ఎత్తైన శిఖరం కొరాపుట్ జిల్లాలోని దేవమాలి, 1672 మీటర్లు. మహేంద్రగిరి 1501 మీటర్లు. ఈ రెండు అంకెలనే చూసి దేవమాలి కష్టం, మహేంద్రగిరి సులువు అనుకోవడం పొరపాటు. దేవమాలి చుట్టూ ఉన్న కొరాపుట్ పీఠభూమే సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంటుంది కనుక అక్కడ ఎక్కవలసిన ఎత్తులో సగానికి పైగా బస్సే ఎక్కిస్తుంది. మహేంద్రగిరి తీర మైదానానికి దగ్గరగా లేచిన కొండ. మేము బయలుదేరదలచిన లోయలోని సవర పల్లె దాదాపు 300 మీటర్ల ఎత్తున ఉంది. మిగిలిన 1200 మీటర్లూ మా కాళ్లే ఎక్కాలి.

ఇక సమయం. 1892లో స్కాట్లండుకు చెందిన విలియం నైస్మిత్ చెప్పిన లెక్క ఇప్పటికీ పనికివస్తుంది: అయిదు కిలోమీటర్లకు ఒక గంట, ఆపైన ఎక్కే ప్రతి 600 మీటర్లకు మరో గంట. మా దారి పైకి సుమారు పది కిలోమీటర్లు కనుక నాలుగు గంటలు వస్తుంది. అయితే అది మంచి బాటమీద, ఆగకుండా నడిచే మనిషి లెక్క. బండలమీద చేతులు కూడా వాడవలసిన చోట్లను, మా బావ మోకాలిని దృష్టిలో పెట్టుకుని ఆరు గంటలు వేసుకున్నాము. డిసెంబరులో ఇక్కడ సూర్యుడు సాయంత్రం అయిదుంబావు ప్రాంతంలో అస్తమిస్తాడు. చెట్ల కింద చీకటి అంతకంటే ముందే కమ్ముకుంటుంది. కాబట్టి నాలుగూ నలభై అయిదుకల్లా పల్లెలో ఉండాలి, దిగడానికి నాలుగున్నర గంటలు కావాలి, అంటే పన్నెండుంబావుకు మించి పైన నిలవరాదు. ఇలా సాయంత్రం నుంచి వెనక్కి లెక్కించుకుంటూ వస్తే, పైన ఉండే అరగంటను, వెసులుబాటుకు పావుగంటను కలుపుకుని, ఉదయం అయిదున్నరకు, ఇంకా తెల్లవారకముందే, టార్చిలైట్ల వెలుగులో నడక మొదలుపెట్టాలని తేలింది. పన్నెండు గంటలకు ఎక్కడ ఉంటే అక్కడి నుంచే వెనక్కి తిరగాలి. శిఖరం కళ్లెదుటే కనిపిస్తున్నా సరే. ఈ నియమాన్ని పైన, అలసిన బుర్రతో చర్చించకూడదు, ఇంట్లోనే ఒప్పుకోవాలి.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తున్నది రాయి. తూర్పు కనుమలలో విరివిగా కనిపించే ఖోండలైటు ఎండకూ వానకూ త్వరగా పుచ్చిపోయే స్వభావం కలది; చూడడానికి గట్టిగా ఉన్న అంచు పట్టుకోగానే పెళ్లలుగా ఊడిరావచ్చు. బంగాళాఖాతం దగ్గరలోనే ఉన్నందున సముద్రపు తేమ కొండను తాకి మబ్బుగా మారుతుంది, తెల్లవారుజామున బండలమీది నాచు తడిగా ఉంటుంది. ఎక్కేటప్పుడు జారితే ముందుకు పడతాము, దిగేటప్పుడు జారితే ఎటు పడతామో చెప్పలేము. ఆ పల్లెలోని ఒక పెద్దాయన మాతో, “పైన మబ్బు కూకుంటే ఇక ఎక్కొద్దు బాబూ, దారి కనబడదు” అన్నారు. మా పథకంలో అంతకంటే విలువైన వాక్యం లేదు. ఆయన తెలుగు మాట్లాడారు గనుక సరిపోయింది. గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకున్న ఊళ్లో పుట్టి కూడా నాకు దారి అడిగేటంత సవర రాకపోవడం సిగ్గుచేటే.

సామాను తక్కువే. మనిషికి నాలుగు లీటర్ల నీళ్లు, అంటే నాలుగు కిలోల బరువు, తప్పదు. మహేంద్రతనయ నది పుట్టే కొండే అయినా వాగు నీటిని మరిగించకుండానో క్లోరిన్ బిళ్ల వేయకుండానో తాగే ఉద్దేశం లేదు. అటుకులు, బెల్లం, వేరుశనగ గుళ్లు, ఓఆర్ఎస్ పొట్లాలు, మనిషికొక టార్చి, వెదురు కర్ర. వెయ్యి మీటర్లకు సుమారు ఆరున్నర డిగ్రీల చొప్పున చలి పెరుగుతుంది కనుక ఒక స్వెట్టరు. ఈ ప్రాంతంలో మలేరియా భయం ఉన్నందున నిండు చేతుల చొక్కా. 2022లో ఒడిశా ప్రభుత్వం ఈ కొండను జీవావరణ రిజర్వుగా ప్రకటించింది, కాబట్టి ముందుగా అటవీ కార్యాలయంలో అడిగే బయలుదేరుతాము.

పైన గడిపే అరగంటలో భీముని గుడి, కుంతి గుడి, యుధిష్ఠిరుని గుడి అన్నీ చూడాలని బావ కోరిక. తూర్పు గాంగరాజులు కులదైవంగా కొలిచిన గోకర్ణస్వామి కొలువైన చోటును, రాజేంద్రచోళుని కాలపు శాసనాన్ని అరగంటలో చూడడం నాకు ఇష్టం లేదు. వాటికోసం మరో రోజు జీపులో వెళ్దామన్నాను.

జీపు మాట వచ్చింది కనుక, మాకింకా తెగని విషయం అదే. మధ్యాహ్నం ఒక జీపును పైకి రప్పించి నిలిపి ఉంచుదామని బావ అంటున్నాడు. కాలు బెణికితే అది కావాలి, నిజమే. కానీ పైన జీపు ఉందని తెలిస్తే పన్నెండు గంటల నియమాన్ని ఇద్దరమూ పాటించము. అందుచేత డ్రైవరును ఆ రోజు ఊళ్లోనే సిద్ధంగా ఉండమని, ఫోను చేస్తేనే రమ్మని చెప్పి, శిఖరంమీద సిగ్నలు ఎక్కడ అందుతుందో జాతరకు వెళ్లివచ్చినవారిని ముందుగా అడిగి తెలుసుకుందామని నా ప్రతిపాదన. బావ ఇంకా ఒప్పుకోలేదు.