బొట్టులో జెర్బెరా: అంచుకీ పువ్వుకీ మధ్య ఆ 3 మిల్లీమీటర్లు

ఈ వారం 200 పైచిలుకు ఫ్రేములు తీస్తే నిలిచినవి మూడు. చేమాకు మీద నత్త ఒక్క క్లిక్కులో వచ్చేసింది, లెన్సు ముందు తగిలించే క్లోజప్ అద్దం రేనాక్స్ డీసీఆర్-250 పుణ్యమా అని. ఏడిపిస్తున్నదల్లా గరికపోచ కొసన వేలాడే నీటిబొట్టూ, అందులో కనపడాల్సిన జెర్బెరా పువ్వూ.

చోటు బెంగళూరు మారతహళ్లి బాల్కనీయే. 24 మెగాపిక్సెళ్ల ఏపీఎస్-సీ సెన్సర్ బాడీ, 90 మి.మీ. మాక్రో లెన్సు, 1:1 (వస్తువు సెన్సర్ మీద అసలు సైజులోనే పడుతుంది), ఎపర్చర్ ఎఫ్/11. కేఆర్ మార్కెట్లో తెచ్చిన జెర్బెరా, 9 సెం.మీ. వెడల్పుది, బొట్టుకి 9 సెం.మీ. వెనక. వాన పడుతూనే ఉంది గానీ బొట్టు మాత్రం సిరంజిది. వానబొట్టుని నమ్ముకుంటే సైజు మన చేతిలో ఉండదు. ఆరెంజ్ మూత ఉండే యూ-100 ఇన్సులిన్ సిరంజిలో ఒక యూనిట్ అంటే 10 మైక్రోలీటర్లు. యూనిటున్నర వదిలితే సుమారు 3 మి.మీ. బొట్టు.

బొట్టు అంచు పదునుగా వస్తే లోపలి పువ్వు మసక. పువ్వు వెనకే కదా ఉంది అని ఫోకస్‌ని వెనక్కి జరుపుతూ రెండు సాయంత్రాలు, 80 ఫ్రేములు తగలేశాక కూడా దొరకలేదు. విసుగొచ్చి, కెమెరాని ముందుకీ వెనక్కీ జరిపే రెయిల్ మరని ఇటువైపు తిప్పితే, అంచు దాటి కెమెరా వైపు 3 మి.మీ. వచ్చేసరికి రేకులన్నీ ఠక్కున తేలాయి. అంటే బొట్టుకి ముందు, ఖాళీ గాల్లో!

లెక్క వేసుకుంటే అక్కడే ఉండాలి మరి. గుండ్రటి బొట్టు ఒక కటకం. నీటి వక్రీభవన గుణకం 1.33 కాబట్టి దాని నాభ్యంతరం దాదాపు బొట్టు వ్యాసమంత. 3 మి.మీ. బొట్టయితే కేంద్రం నుంచి 3 మి.మీ. ముందు తలకిందుల బొమ్మ కడుతుంది. మనకి కనపడే అంచేమో కేంద్రం ఉన్న తలంలో ఉంటుంది. 1:1 దగ్గర ఎఫ్/11 ఇచ్చే ఫోకస్ లోతు (పదునుగా కనపడే మందం) 0.9 మి.మీ. కూడా లేదు. ఎఫ్/16కి వెళ్తే 1.3 వస్తుంది, కానీ అక్కడ అసలు ఎపర్చర్ ఎఫ్/32తో సమానం, అంత సన్న రంధ్రంలో వెలుగు చెదిరే డిఫ్రాక్షన్‌తో ఫొటో అంతా మెత్తబడింది. 1:2కి తగ్గి 2 మి.మీ. బొట్టు పెడితే రెండూ ఫోకస్‌లో పడతాయి, ఎటొచ్చీ బొట్టు సెన్సర్ మీద 250 పిక్సెళ్ల వెడల్పే. దాన్ని ఏం చేసుకోవాలి?

స్టాకింగ్ కూడా చూశాం, అంటే ఫోకస్ కొంచెం కొంచెం జరుపుతూ తీసిన ఫ్రేముల్ని ఒకటిగా కలపడం. పావు మి.మీ. చొప్పున 16 ఫ్రేములు, కుదుపు ఆగడానికి ఫ్రేముకి 3 సెకన్లు. ఆ 48 సెకన్లలో ముసురు తుంపర చేరి బొట్టు ఉబ్బిపోతోంది. ఒకసారి 11వ ఫ్రేములో టపుక్కున రాలింది. రాలని వాటిని కలుపుతుంటే డెప్త్ మ్యాప్ పద్ధతి చేతులెత్తేసింది. ఒక్కో పిక్సెల్‌కి ఒకే లోతు ఉంటుందని దాని నమ్మకం, పారదర్శకమైన బొట్టులో ఒకేచోట రెండుంటాయి. స్టాకింగ్ సాఫ్ట్‌వేర్ జెరీన్ స్టాకర్‌లో పీమ్యాక్స్ పద్ధతి చాలా నయం, కాస్త నాయిస్ (గింజల్లాంటి చుక్కలు) పెంచినా సరే.

చివరికి రెండే ఫ్రేములు: ఒకటి అంచుకి, ఒకటి పువ్వుకి, లేయర్లు పెట్టి చేత్తో మాస్కింగ్ (అక్కర్లేని భాగం కప్పేయడం). తీయడం 5 సెకన్ల పని. ఇప్పుడు మిగిలిన రోగం ఒక్కటే. పువ్వు ఫ్రేములో అంచు మసకబారి 15–20 పిక్సెళ్లు లోపలికి పాకుతోంది, చివరి రేకుల్ని తినేస్తోంది. 9 సెం.మీ. దూరంలో పువ్వు బొమ్మ బొట్టంతా నిండిపోవడమే కారణమై ఉండాలి. 15 సెం.మీ. దూరానికి జరిపితే బొమ్మ 1.8 మి.మీ.కి, అంటే బొట్టులో 60 శాతానికి దిగుతుంది, మసక దాన్ని తాకదనుకుంటా. మొన్న చీకటి పడిపోయి చూడటం కుదరలేదు.

బొట్టు నీళ్లలో గ్లిజరిన్ కలపమనేవాళ్లున్నారు. సగానికి సగం కలిపితే గుణకం 1.40 అవుతుంది, 3 మి.మీ. దూరం 2.6కి తగ్గుతుంది. ఆ 0.4 కోసం పోచంతా జిడ్డు చేసుకోవడం దండగ. పురుగులు తిరిగే మొక్క మీదయితే అసలు వద్దు.

ఫ్లాష్‌ని బొట్టు మీదకి కాకుండా పువ్వు మీదకే తిప్పాలి, లేకపోతే ఫ్లాష్ ముందుండే తెర (డిఫ్యూజర్) ప్రతిబింబం తెల్లగా బొట్టు నెత్తిన కూర్చుంటుంది. పోచని బట్టల క్లిప్పుతో ట్రైపాడ్ కాలికి బిగిస్తే సరి, ఎటైనా వంగే ఆర్టిక్యులేటెడ్ క్లాంపు చేతులకి వేలు పోయనక్కర్లేదు. గొడుగు మాత్రం పోచకి కనీసం అడుగు ఇవతల పెట్టాలి, దాని చూరు నీళ్లే బొట్టుని పడగొట్టేది.

శనివారం 15 సెం.మీ. దూరంతో, 2 మి.మీ. బొట్టుతో మళ్లీ. అది కుదిరితే జెర్బెరా బదులు మందారం, తొడిమ పైకి ఉండేలా తలకిందులుగా కట్టి. వచ్చే ఏడాది ఆరుద్ర కార్తెకి అనంతపురం వైపు వెళ్లి ఆరుద్ర పురుగుల్ని పట్టాలి. తడిసిన ఆ ఎర్ర నూగు మీద ఫ్లాష్ బలం ఎన్నో వంతు పెట్టాలో ముందే ఎర్ర వెల్వెట్ ముక్క తడిపి చూసుకోవాలి.