సర్వైవల్ అనాలిసిస్ పేపర్లను చెక్‌లిస్ట్‌తో చదివాను: నా అనుభవం

పీజీ థీసిస్‌కి నేను తీసుకున్న అంశం విని చాలామంది, ఏ మందుతో రోగులు ఎక్కువ కాలం బతికారో చూస్తున్నాననుకున్నారు. నేను చూసింది అది కాదు. క్యాన్సర్ పరిశోధన పేపర్లలో ఎంతకాలం బతికారన్న ఆ లెక్క (సర్వైవల్ అనాలిసిస్) ఎలా కట్టారో చదివేవాళ్లకు అర్థమయ్యేలా రాశారా లేదా అన్నదే నా ప్రశ్న.

వైద్య గణాంక నిపుణుడు డగ్లస్ ఆల్ట్‌మన్ బృందం 1995లోనే 132 క్యాన్సర్ పేపర్లను ఇలా పరిశీలించింది. రోగులను ఎంతకాలం ఫాలో-అప్ చేశారో వాటిలో దాదాపు సగం చెప్పనేలేదు. మా గైడ్ మేడమ్ ఆ పేపర్ ఇచ్చి, "ముందు ఇది చదువమ్మా, ప్రశ్నలు వాటంతటవే వస్తాయి" అన్నారు.

నిజంగానే వచ్చాయి, అవే నా చెక్‌లిస్ట్ అయ్యాయి. కాలాన్ని జబ్బు బయటపడిన రోజు నుంచి లెక్కపెట్టారా, రాండమైజ్ చేసిన (చీటీ తీసినట్టు రోగిని ఏదో ఒక చికిత్స గ్రూపులో వేసిన) రోజు నుంచా? వేరే కారణంతో చనిపోయినవాళ్లను ఏం చేశారు? కాలం గడిచేకొద్దీ ఎంత శాతం బతికి ఉన్నారో చూపే కాప్లన్-మయర్ గ్రాఫ్ కింద ఏ నెలకు ఇంకా ఎంతమంది ఫాలో-అప్‌లో మిగిలారో ఇచ్చారా? ప్రతి పేపర్‌నీ నేను, నా జూనియర్ విడివిడిగా చదివి, తర్వాత జవాబులు పోల్చుకునేవాళ్లం.

ఎక్కువ వాదన జరిగింది ఫాలో-అప్ దగ్గరే. మీడియన్ (వరుసలో పెడితే సరిగ్గా మధ్యలో వచ్చే) ఫాలో-అప్ ఇన్ని నెలలు అని అంకె ఉంటే తను 'ఉంది' అని పెట్టేది, నేను 'లేదు' అని పెట్టేదాన్ని. ఎందుకంటే త్వరగా చనిపోయినవాళ్ల కాలాన్ని కూడా కలిపి మీడియన్ తీస్తే అది తగ్గిపోతుంది. ఈవెంట్‌నీ (ఇక్కడ మరణం) సెన్సారింగ్‌నీ (మరణం చూడకముందే ఫాలో-అప్ ఆగిపోవడం) తారుమారు చేసి లెక్కించే రివర్స్ కాప్లన్-మయర్ పద్ధతి అందుకే ఉంది. ఏ పద్ధతి వాడారో చెప్పకపోతే ఆ అంకెను ఎలా అర్థం చేసుకోవాలి? చివరికి మేడమ్ దాన్ని రెండు ప్రశ్నలుగా విడగొట్టారు.

ఇంకో ప్రశ్న, గ్రూపుల ముప్పును పోల్చే కాక్స్ మోడల్ గురించి. 1972లో వచ్చిన ఈ మోడల్, రెండు గ్రూపుల మధ్య హజార్డ్ రేషియో (ఒక గ్రూపు ముప్పు రెండోదానికి ఎన్ని రెట్లో చెప్పే అంకె) మొదటి నుంచి చివరిదాకా మారదని అనుకుంటుంది. దాన్ని సరిచూశామని ఒక్క వాక్యం రాస్తే చాలు, చాలా పేపర్లలో అది కూడా కనిపించలేదు. ఇది చిన్న విషయం కాదు. 2009లో ఊపిరితిత్తుల క్యాన్సర్ మీద వచ్చిన ఐపాస్ ట్రయల్లో, జబ్బు ముదరకుండా ఉన్నవాళ్ల శాతాన్ని చూపే రెండు గ్రూపుల గీతలు ఒకదాన్నొకటి దాటాయి. మొదట్లో కీమోథెరపీ మెరుగ్గా కనిపించింది, తర్వాత జెఫిటినిబ్ అనే మాత్ర. ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మ్యుటేషన్ (మార్పు) ఉన్నవాళ్లకు జెఫిటినిబ్, లేనివాళ్లకు కీమో బాగా పనిచేశాయి. ఇద్దరినీ కలిపిన 0.74 అన్న ఒక్క హజార్డ్ రేషియో చూస్తే ఇదేమీ తెలియదు.

ఒక జాగ్రత్త చెప్పాలి. 'రాయలేదు' వేరు, 'చేయలేదు' వేరు. పేపర్‌తో పాటు అదనపు వివరాలుగా ఇచ్చే సప్లిమెంట్ తెరిచి చూడకుండా మేం ఏ పేపర్‌కీ 'లేదు' పెట్టలేదు.

నన్ను బాగా కలవరపెట్టింది సెన్సారింగ్. చెకప్‌లకు రావడం మానేసినవాళ్లకు, వస్తున్నవాళ్లకు ముప్పు ఒకేలా ఉందన్న నమ్మకం మీదే ఆ లెక్క నడుస్తుంది. కానీ జబ్బు ముదిరి, ప్రయాణం చేయలేక మానేసి ఉంటే? గ్రాఫ్ నిజం కంటే బాగా కనిపిస్తుంది. ఎందుకు మానేశారో రాసిన పేపర్లు బాగా తక్కువ. థీసిస్ అయ్యాక మా విభాగం ఫాలో-అప్ రిజిస్టర్లో 'రాకపోవడానికి కారణం' అని ఒక కాలమ్ పెట్టించాను. ఫోన్ చేసి కనుక్కుని అది నింపే పని ఇప్పుడు నా జూనియర్ చూస్తోంది.